పుండుకు ఆకు, రోగికి దారి

చర్మం మీద లేచే పుండ్లకు చెట్టుమందు వాడడం మనకు కొత్త కాదు. వేలు తెగితే గడ్డి చామంతి ఆకు నలిపి పసరు పిండుతాం. వేపాకు మరిగించిన నీళ్లతో పుండు కడుగుతాం. గజ్జి, తామరలకు కానుగ నూనె రాస్తాం. ఇవి మన పల్లెల్లో ఒకరు కూర్చోబెట్టి నేర్పకుండానే అబ్బిన పనులు. ఈ రోజు మాత్రం మిమ్మల్ని కాస్త దూరం, పశ్చిమ ఆఫ్రికా దాకా తీసుకువెళ్తాను. అక్కడ బెనిన్, ఘనా, కోట్ దివ్వార్ దేశాల్లో, వాటికి తూర్పున ఉన్న కామెరూన్‌లో, బురూలీ పుండు అనే జబ్బు పల్లెల్ని పట్టి పీడిస్తోంది. నాటువైద్యులు దానికి తరతరాలుగా చెట్టుమందులు వాడుతున్నారు. ఆ మందుల్లో ఏముంది, అవి ఎంతవరకు పనిచేస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి, ఆ వైద్యుల్ని మనం ఎలా చూడాలి అన్నదే నేటి విషయం.

ముందు జబ్బు సంగతి చెప్పుకుందాం. క్షయకు, కుష్ఠుకు కారణమైన బాక్టీరియాల కుటుంబంలోదే ఈ జబ్బు బాక్టీరియా కూడా. దాని పేరు మైకోబాక్టీరియం అల్సరన్స్. ఉగాండాలో పనిచేసిన ఆల్బర్ట్ కుక్ అనే బ్రిటిష్ వైద్యుడు 1897లోనే ఇలాంటి పుండ్లను గురించి రాసిపెట్టాడు. బాక్టీరియాను పట్టుకుని లోకానికి చెప్పినవాళ్లు ఆస్ట్రేలియా పరిశోధకులు. 1948లో, బెయిర్న్స్‌డేల్ ప్రాంతపు రోగులను పరీక్షించి, మాకల్లమ్, ఆయన సహచరులు ఆ వివరాలు ప్రచురించారు. ఆ తర్వాత 1960లలో ఉగాండాలో నైలు నదికి దగ్గరగా ఉన్న బురూలీ ప్రాంతంలో చాలామందికి ఈ జబ్బు సోకడంతో ఆ ప్రాంతం పేరే దీనికి స్థిరపడిపోయింది. ఇప్పటివరకు 33 దేశాల్లో ఇది కనబడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ఈ పుండు ఎలా మొదలవుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. మోకాలి కిందో, మోచేతి దగ్గరో చర్మం అడుగున గోళీకాయంత గడ్డ తగులుతుంది. నొక్కితే కదులుతుంది. నొప్పి ఉండదు, జ్వరం రాదు. పిల్లవాడు ఆడుకుంటూనే ఉంటాడు, తల్లి పొలానికి వెళ్తూనే ఉంటుంది. కొన్ని వారాలకు ఆ గడ్డ మెత్తబడి పగులుతుంది. పైకి చూస్తే రూపాయి బిళ్లంత పుండు, నడుమ తెల్లగా, పసుపుగా కుళ్లిన కొవ్వు. దీన్ని పట్టిచ్చే గుర్తు అంచు దగ్గర ఉంది. అంచు కిందికి పరికరం పోనిస్తే అది చర్మం అడుగున చాలా దూరం వెళ్లిపోతుంది. పైన చర్మం బాగానే కనబడుతుంది కానీ కింద కొవ్వు పొర అప్పటికే నశించి ఉంటుంది. అంటే కంటికి కనబడే పుండు కంటే లోపలి పుండు చాలా పెద్దది.

నొప్పి ఎందుకు ఉండదు? ఆ బాక్టీరియా ఒక విషాన్ని తయారుచేస్తుంది. దాన్ని 1999లో గుర్తించి మైకోలాక్టోన్ అని పేరు పెట్టారు. అది చర్మ కణాల్ని చంపుతుంది, ఆ చోట శరీరం చేసే ఎదురుదాడిని అణిచివేస్తుంది, నొప్పి తెలియకుండా చేస్తుంది. నొప్పి ఉంటే మనిషి పరుగెత్తుకుని ఎవరి దగ్గరికైనా వెళ్తాడు. నొప్పి లేకపోవడమే ఇక్కడ పెద్ద శత్రువు. ఆఫ్రికాలో ఈ జబ్బు సోకినవాళ్లలో సుమారు సగం మంది 15 ఏళ్ల లోపు పిల్లలు. ఆలస్యమైతే పుండు కాలంతా పాకుతుంది. మానినా, మానేటప్పుడు చర్మం ముడుచుకుపోయి మోకాలు చాపలేకుండా, చెయ్యి ఎత్తలేకుండా బిగుసుకుపోతుంది. బడికి వెళ్లాల్సిన పిల్లవాడు కర్ర పట్టుకుని నడుస్తాడు.

ఎలా సోకుతుందన్నది ఆఫ్రికాలో ఇంకా తేలని ప్రశ్నే. నెమ్మదిగా పారే వాగులు, చిత్తడి నేలలు ఉన్న పల్లెల్లో ఇది ఎక్కువ. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో మాత్రం దోమల ద్వారా మనుషులకు చేరుతోందని 2024లో ప్రచురించిన పరిశోధన గట్టి ఆధారాలు చూపించింది.

ఇలాంటి జబ్బు వస్తే బెనిన్ పల్లెలో మనిషి మొదట ఎవరి దగ్గరికి వెళ్తాడు? ఆసుపత్రి దూరం. వెళ్లిరావడానికి డబ్బు కావాలి, పక్కన ఒక మనిషి తోడుండాలి, ఆ మనిషి కూలి పోతుంది. పైగా ఇంత వింతగా పెరిగే పుండు మామూలు జబ్బు కాదనీ, ఎవరో చేతబడి చేశారనీ చాలామంది నమ్ముతారు. నాటువైద్యుడు ఊళ్లోనే ఉంటాడు. ఆయన భాష వాళ్ల భాషే. పుండు కడుగుతాడు, భయం కూడా పోగొడతాడు. డబ్బు లేకపోతే పంట వచ్చాక ఇమ్మంటాడు. అందుకే మొదటి గుమ్మం ఆయనదే.

ఆయన చేసే మందు ఎలా ఉంటుంది? సాధారణంగా మూడు అంచెలు. చెట్టు బెరడు చెక్కి నీళ్లలో బాగా మరిగించి, చల్లార్చి, ఆ కషాయంతో పుండు కడగడం మొదటిది. ఎండబెట్టి దంచిన ఆకు పొడినో బెరడు పొడినో పుండులో చల్లడం రెండోది. అదే పొడిని పామాయిల్‌లోనో షియా వెన్నలోనో కలిపి పూతగా పెట్టి, ఆకుతో కప్పి, గుడ్డతో కట్టు కట్టడం మూడోది. షియా అంటే ఆ ప్రాంతపు పొడి నేలల్లో పెరిగే చెట్టు. దాని గింజల నుంచి తీసే వెన్నను అక్కడివాళ్లు వంటకూ వాడతారు, ఒంటికీ రాసుకుంటారు.

ఇక చెట్ల విషయానికి వస్తే, మనకు చుట్టాలనిపించే పేర్లు చాలానే కనబడతాయి. అక్కడి పుండ్ల వైద్యంలో వాడే హొలారీనా ఫ్లోరిబండా మన కొడిసెపాల చెట్టుకు దగ్గరి బంధువు. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. ఆల్‌స్టోనియా బూనియై అనే పెద్ద వృక్షం మన ఏడాకుల పాల చెట్టుకు తోబుట్టువు. ఆముదం, అడవి ఆముదం, బొప్పాయి మనకూ వాళ్లకూ సమానం. వేప సంగతి మరీ ముచ్చటైనది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో భారతదేశం నుంచి ఘనాకు వెళ్లిన వేప, కొద్ది కాలంలోనే పశ్చిమ ఆఫ్రికా అంతటా నీడ చెట్టుగా, కట్టెగా, మందుగా అల్లుకుపోయింది. అటునుంచి మన వైపు వచ్చినది కూడా ఉంది. ఎర్రటి పూలతో నగరాల్లో పార్కుల పక్కన, కాలేజీ ఆవరణల్లో నిలబడే ఆఫ్రికన్ టులిప్ చెట్టును మీరు చూసే ఉంటారు. దాని మొగ్గల్లో నీళ్లు నిండి ఉంటాయి. నొక్కితే సన్నగా చిమ్ముతాయి. పిల్లలు వాటితో ఆడుకుంటారు. మనకు అలంకారమైన ఆ చెట్టు బెరడు ఘనా పల్లెల్లో పుండ్లకు మందు.

ఈ బెరళ్లలో ఏముంది? చాలా వాటిలో టానిన్లు ఉంటాయి. నోట్లో వేసుకుంటే వగరుగా తగిలేది అదే. మాంసకృత్తులను పట్టి బిగించే గుణం వాటికి ఉంది. పుండు మీద పడితే రసి కారడం తగ్గుతుంది, పైన పలుచటి పొర కడుతుంది. కొడిసెపాల, ఏడాకుల పాల జాతుల్లో ఆల్కలాయిడ్లు ఉన్నాయి. బొప్పాయి పచ్చికాయ పాలలో పపెయిన్ అనే ఎంజైమ్ ఉంది. అది కుళ్లిన కణజాలాన్ని కరిగిస్తుంది. గాంబియా రాజధాని బాంజుల్‌లోని ఆసుపత్రిలో కాలిన గాయాలతో వచ్చిన పిల్లలకు బొప్పాయి గుజ్జును రోజూ గాయం మీద పరచి, చచ్చిన చర్మం ఊడి వచ్చేలా చేసిన అనుభవాన్ని వైద్యులు 1999లో పత్రికలో ప్రచురించారు. ఖరీదైన మందులు దొరకని చోట అది నిజంగా అక్కరకొచ్చింది. అయితే అదే పపెయిన్‌తో తయారైన పూతమందుల వల్ల కొందరికి తీవ్రమైన అలర్జీ వచ్చిందని, అనుమతి లేకుండా అమ్ముతున్న అలాంటి మందుల్ని నిలిపివేయమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో ఆదేశించింది. చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన హాని చెయ్యదని అనుకోకూడదు. పనిచేసే గుణం ఉన్న ప్రతి పదార్థానికీ మోతాదు, జాగ్రత్త రెండూ కావాలి.

ప్రయోగశాలల్లో కూడా ఈ చెట్లను పరీక్షిస్తున్నారు. బెనిన్, ఘనా, కామెరూన్ దేశాల శాస్త్రవేత్తలు నాటువైద్యుల దగ్గర కూర్చుని, వాళ్లు చెప్పిన మొక్కల జాబితాలు రాసుకుని, వాటి సారాన్ని తీసి బురూలీ బాక్టీరియా మీద ప్రయోగించారు. కొన్ని సారాలు ఆ బాక్టీరియా పెరుగుదలను అడ్డుకున్నాయి. ఇది సంతోషించవలసిన విషయమే. కానీ గాజు పాత్రలో గెలిచినది ఒంట్లో గెలవాలని లేదు. పాత్రలో మందు, బాక్టీరియా ముఖాముఖి ఉంటాయి. మనిషి కాలిలో బాక్టీరియా చర్మం కింద, కొవ్వు లోతుల్లో, పుండు అంచు దాటి ఎంతో దూరంలో ఉంటుంది. పైన పెట్టిన ఆకు అక్కడికి చేరదు. విషం మాత్రం కొవ్వులో సులువుగా పాకుతుంది. పైగా ఈ బాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ప్రయోగశాలలో పెంచాలంటేనే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అంతకాలం సరిపోయే మోతాదులో లోపలికి మందు అందాలి. ఆకు కట్టుతో అది సాధ్యం కాదు.

ఇక్కడ వేడి గురించి కూడా చెప్పాలి. ఈ బాక్టీరియా 30 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల చల్లదనాన్ని ఇష్టపడుతుంది. అందుకే చర్మాన్ని పట్టుకుంటుంది గానీ శరీరం లోపలి వేడి అవయవాల జోలికి వెళ్లదు. 40 డిగ్రీలు దాటితే నిలవలేదు. 1970లలో జైర్ దేశంలో, అంటే నేటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో, వైద్యులు వేడితో పుండ్లు మాన్పారు. తర్వాత కామెరూన్‌లో వేడిని పట్టి ఉంచే ప్యాకెట్లను వారాల తరబడి పుండుకు కట్టి మంచి ఫలితం చూశారు. వేడి ఆకు కట్టు అనేక దేశాల నాటువైద్యంలో ఉన్నదే. అయితే కాసేపటికి చల్లారిపోయే కట్టుకూ, కొలిచిన వేడిని రోజుల కొద్దీ నిలకడగా అందించడానికీ చాలా తేడా ఉంది. సంప్రదాయం చూపిన దారిని శాస్త్రం కొలిచి, సరిచేసి వాడుకోగలదని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

మరి ఈ పుండును పూర్తిగా మాన్పే మందు ఉందా? ఉంది. ఒకప్పుడు కత్తి తప్ప గతి లేదు. పుండును చుట్టూ విశాలంగా కోసి, తొడ నుంచి చర్మం తెచ్చి అతికేవారు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్ మాత్రలు, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు కలిపి 8 వారాలు ఇవ్వాలని సూచించింది. బెనిన్‌లోని పోబే చికిత్సా కేంద్రం 2007లో ప్రచురించిన ఫలితాల్లో, చికిత్స పొందిన 224 మందిలో 215 మందికి నయమైంది. వాళ్లలో 102 మందికి ఆపరేషన్ అవసరమే రాలేదు. ఆ తర్వాత నొప్పి పుట్టించే ఇంజెక్షన్లూ పోయాయి. రిఫాంపిసిన్, క్లారిత్రోమైసిన్ అనే రెండు రకాల మాత్రలతోనే 8 వారాల్లో చికిత్స ముగించవచ్చని, ఘనా, బెనిన్ దేశాల్లో జరిగిన పరిశోధన 2020లో తేల్చింది. మరొక మాట. రిఫాంపిసిన్‌కు మూలం ఫ్రాన్స్ తీరంలోని మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి. స్ట్రెప్టోమైసిన్‌ది కూడా మట్టి పుట్టుకే. ప్రకృతి నుంచి వచ్చిన మందు, ఆసుపత్రి మందు అని రెండు వర్గాలు లేవు. పరీక్షకు నిలబడిన మందు, ఇంకా నిలబడని మందు అన్న తేడా ఒక్కటే ఉంది.

మందు ఉంది. మరి పిల్లల కాళ్లు ఇంకా ఎందుకు వంకరపోతున్నాయి? రోగి ఆ మందు దగ్గరికి ఆలస్యంగా చేరుతున్నాడు కాబట్టి. ఈ చిక్కుకు మంచి విరుగుడు కామెరూన్‌లోని బంకిం ప్రాంతంలో కనబడింది. అక్కడ ఆరోగ్య సిబ్బంది నాటువైద్యుల్ని తిట్టలేదు, కేసులు పెట్టి భయపెట్టలేదు. పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. బురూలీ గడ్డ ఎలా ఉంటుందో బొమ్మలతో చూపించారు. అనుమానం వస్తే రోగిని పంపమన్నారు. రోగి మనసులోని భయాన్ని తీర్చే పని, కుటుంబానికి ధైర్యం చెప్పే పని ఆ వైద్యుడి చేతిలోనే ఉంచారు. ఆసుపత్రి తమ రోగుల్ని లాక్కోవడం లేదని, తమను గౌరవిస్తోందని తెలిశాక ఆ వైద్యులే ముందుండి రోగుల్ని పంపసాగారు. నా దృష్టిలో ఈ కథంతటికీ ప్రాణం ఇక్కడే ఉంది. నాటువైద్యుడి సంచిలో ఉన్న ఆకు బురూలీ బాక్టీరియాను చంపలేకపోవచ్చు. ఊరు ఆయన మీద పెట్టుకున్న నమ్మకం మాత్రం ఏ మాత్రకూ లేని బలం. గడ్డను గోళీకాయంత ఉండగానే చూసేది ఆయనే. వెళ్లమని ఆయన చెబితేనే రోగి కదులుతాడు.

ఈ మాట మనకు పరాయిది కాదు. కుష్ఠుకు ఇదే కుటుంబపు బాక్టీరియా కారణమని ఇంతకు ముందు అన్నాను. దానికి మన దేశంలో తరతరాలుగా వాడిన మందు చాల్‌మూగ్రా జాతి గింజల నూనె. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు 1915లో కుష్ఠు ఆసుపత్రి ప్రారంభించారు. 1920లలో ఆ నూనెనే ఇంజెక్షన్లుగా ఇచ్చి చికిత్స చేశారు. దూరదూరాల నుంచి రోగులు అక్కడికి వచ్చారు. కొందరికి ఉపశమనం కలిగింది, చాలామందికి ఆశ కలిగింది. తర్వాత 1940లలో డాప్సోన్, 1980లలో మూడు మందుల చికిత్స వచ్చి కుష్ఠును పూర్తిగా నయం చేశాయి. నూనె పక్కకు తప్పుకుంది. అయినా ఆ నూనె వృథా పోలేదు. కుష్ఠుకు వైద్యం ఉంటుందని జనం నమ్మడానికి, వెలివేసిన మనిషిని ఆసుపత్రి గుమ్మం ఎక్కించడానికి అది పనికొచ్చింది.

ఇంకొక ఉదాహరణ మన ఏజెన్సీ ప్రాంతాలది. యాస్ అనే చర్మపు పుండ్ల జబ్బు గోదావరి లోయ అడవుల్లో, పక్కనున్న ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కొండల్లో గిరిజన పిల్లల్ని పీడించేది. అదీ బాక్టీరియా తెచ్చేదే. పెన్సిలిన్ ఇంజెక్షన్ ఒక్కటి చాలు, నయమవుతుంది. గూడెం గూడేనికి నడిచి, గుడిసె గుడిసె తిరిగి రోగుల్ని వెదికి ఆ ఇంజెక్షన్ ఇచ్చారు. 2003 తర్వాత కొత్త రోగి కనబడలేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి యాస్ లేని దేశమని ధ్రువపత్రం ఇచ్చింది. మందు పాతదే. దాన్ని ఆ చివరి గుడిసె దాకా మోసిన కాళ్లవల్ల జబ్బు పోయింది.

మళ్లీ మందు చెట్ల దగ్గరికి వస్తే, వాటి పట్ల కూడా మనకు బాధ్యత ఉంది. బెరడు చుట్టూ ఒలిస్తే చెట్టు చస్తుంది. ఒక పక్కన కొంచెం తీసి, మానే దాకా ఆగే పద్ధతి పాత వైద్యులకు తెలుసు. ఒక గిరిజన వైద్యుడు చెప్పిన మొక్క నుంచి రేపు మందు పుడితే, ఆ లాభంలో ఆ ఊరికి వాటా దక్కాలి. 2010లో అనేక దేశాలు జపాన్‌లోని నగోయాలో కుదుర్చుకున్న ఒప్పందం చెప్పేది ఇదే. చెప్పినవాడి పేరు, వాడిన పద్ధతి, చెట్టు ఆనవాలు ఇప్పుడే రాసిపెట్టుకోకపోతే ముసలి వైద్యులతో పాటే ఆ తెలివి కూడా పోతుంది.

బురూలీ మన ప్రాంతపు జబ్బు కాదు. మానని పుండు మాత్రం మన ప్రతి ఊళ్లోనూ ఉంది. మధుమేహం ఉన్నవాళ్ల అరికాలి పుండ్లు, స్పర్శ లేని మచ్చ మీద లేచే కుష్ఠు పుండ్లు, నెలల తరబడి ఆకుకట్ల కింద దాగి ఉంటున్నాయి. అందుకే మీకు నా విన్నపం ఇది. చిన్న గాయానికి మీ అమ్మమ్మ చెప్పిన వేపనీళ్లు వాడండి, తప్పు లేదు. శుభ్రమైన నీళ్లతో కడగండి. పేడ, మట్టి, బూడిద మాత్రం పుండు మీద పెట్టకండి. ధనుర్వాతం వచ్చేది అలాగే. రెండు వారాలైనా పుండు మానకపోతే, నొప్పి లేకుండా పెరుగుతుంటే, చుట్టూ స్పర్శ తెలియకపోతే, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. కుష్ఠుకు మందులు అక్కడ ఉచితం. మధుమేహం ఉన్నవాళ్లు కాలి మీద ఏ పుండు కనబడినా ఒక్క రోజు కూడా ఆగకండి. ఈ మాటలు వింటున్న నాటువైద్యులు ఎవరైనా ఉంటే వారికి చేతులు జోడించి చెబుతున్నాను. మీ ఊరు ముందు మీ దగ్గరికే వస్తుంది. మీ కట్టుకు లొంగని పుండును మీరే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆరోగ్య సిబ్బందికి కూడా ఇదే మనవి. ఆ వైద్యుడు రోగిని తెచ్చిన రోజు ఆయనకు కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మరో రోగి సకాలంలో మీ దగ్గరికి రావడం ఆ గౌరవం మీదే ఆధారపడి ఉంటుంది.